ముక్క మానేసిన ముద్దాయి

ఆ రోజుల్లో మనిషి చెడిపోవడానికి పెద్దగా కష్టపడాల్సిన అవసరం ఉండేది కాదు. చెవుల మీదికి జుట్టు పెంచితే సగం చెడిపోయినట్టే. మధ్యాహ్నం పూట ఇరానీ హోటల్లో ఒంటరిగా కూర్చుని చాయ్ తాగుతూ కనిపిస్తే మిగతా సగం కూడా పూర్తయ్యేది. ఇప్పటి కుర్రాళ్ళు చెవులకు పోగులు కుట్టించుకుని, చేతుల నిండా పచ్చబొట్లు పొడిపించుకుని కూడా ఎవరి దృష్టిలోనూ పడలేకపోతున్నారు, పాపం. మాకు ఆ ఇబ్బంది ఉండేది కాదు. తిరుమలగిరిలో మా చర్చి చుట్టూ ఉన్న నాలుగు వీధుల్లో ఎవరింట్లో ఏం వండారో, ఎవరు ఎంత తిన్నారో, తినని వాళ్ళు ఎందుకు తినలేదో అందరికీ తెలిసేది. అలాంటి చోట ఉండి నేను తాగలేదు, పేకాట ఆడలేదు, ఎవరి అమ్మాయి వెంటా పడలేదు. మాంసం తినడం మానేశాను. అంతే. (ఈ 'అంతే' అన్న మాటను అప్పట్లో ఒక్కరు నమ్మి ఉన్నా ఇదంతా మీకు చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు.)

మాది గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నాన్న మిషన్ బడిలో లెక్కల మాస్టారు. నేను అప్పుడే బేగంపేటలో, విమానం ఎగిరినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడే ఒక సరుకు రవాణా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. చర్చి క్వయర్లో టెనార్ (అంటే మగవాళ్ళలో హెచ్చు గొంతు) పాడేవాణ్ణి. ఆ ఏడాది క్రిస్మస్ ఆరాధనలో మొదటిసారి నాకు సోలో ఇస్తానని మా క్వయర్ మాస్టారు మాటిచ్చారు. (ఆయన్ని అందరం శ్రుతి మామ అనేవాళ్ళం. పెళ్ళి భోజనాల్లో గరిటె గిన్నెకు తగిలినా అది ఏ శ్రుతో చెప్పేవారు.) ఆ సోలో మామూలు సోలో కాదు. చర్చిలో దీపాలన్నీ తగ్గించేస్తారు, అందరూ నిశ్శబ్దంగా నిలబడతారు, ఒక్క గొంతు మాత్రం వెనక తలుపు దగ్గర మొదలై పాడుకుంటూ ముందుకు నడిచి రావాలి. ఆ ఒక్క గొంతు నాదవుతుందని నేను సిటీ బస్సులో, స్నానాల గదిలో, ఆఫీసులో బిల్లుల మధ్య కూడా సాధన చేస్తూ తిరిగేవాణ్ణి. అప్పటికి నా జీవితంలో అంతకన్నా పెద్ద కోరిక లేదు.

ఇక మా వీధిలో ఆదివారం సంగతి. ఆ రోజు ఆరాధన ఎంత ముఖ్యమో ఆ తర్వాత కూర అంత ముఖ్యం. తెల్లవారకముందే నాన్న సంచీ పట్టుకుని మాంసం కొట్టుకి వెళ్ళేవారు. అమ్మ కూర వండి మూత పెట్టి, ఆ మసాలా వాసన చీరకొంగులో మోసుకుంటూనే చర్చికి వచ్చేది. ప్రసంగం కాస్త సాగిందంటే స్త్రీల వరసలో కదలిక మొదలయ్యేది. అయ్యగారు (మా పాస్టరు గారిని అలాగే పిలుస్తాం) కూడా ఆ కదలికను గమనించి ముగింపు ప్రార్థనలోకి దిగేవారు. ఇళ్ళకు చేరాక వీధంతా ఒకే వాసన, ఒకే చప్పుడు. ఆ వాసనలోనే నేను పుట్టి పెరిగాను, మూలుగ ఎముక కోసం చెల్లెలితో కొట్టుకున్నాను. దాని మీద నాకు ఏ పగా లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

జరిగిందల్లా ఇది. వెనకవైపు పన్ను ఒకటి పుచ్చింది. ముక్క నమిలితే పీచు అందులో ఇరుక్కుని ప్రాణాలు తోడేసేది. అందుకని కొన్ని వారాలు పులుసు, పప్పు, వంకాయ కూరలతో సరిపెట్టుకున్నాను. తర్వాత గడియారం స్తంభం దగ్గర డాక్టరు ఆ పన్ను పీకేశాడు. చిగురు మానింది. అమ్మ సంతోషంగా నా కంచంలో ముక్కలు వేసింది. చూస్తే నాకు తినాలనిపించలేదు. అసహ్యం వేయలేదు, జాలి వేయలేదు, కలలో మేక కనిపించి ఏమీ చెప్పలేదు. తినాలనిపించలేదు. మరుసటి ఆదివారమూ అనిపించలేదు. నేను దాన్ని గురించి ఆలోచించను కూడా లేదు. నా తరఫున ఆలోచించడానికి మా వీధిలో కావలసినంత మంది ఉన్నారని తర్వాత తెలిసింది.

మొదట అమ్మ పన్ను నొప్పి ఇంకా తగ్గలేదనుకుంది. తగ్గిందన్నాను. కారం ఎక్కువైందేమోనని తగ్గించింది. ఉప్పు, మసాలా, కొట్టు, చివరికి గిన్నె కూడా మార్చింది. అన్నిటికీ నేను బాగుందమ్మా, నాకు వద్దంతే అంటూ వచ్చాను. ఒక ఆదివారం ఆవిడ గరిటె కింద పెట్టేసి నా ఎదురుగా కూర్చుంది. "నిజం చెప్పరా. నా చేతి కూర నీకు వాసనేస్తోందా? ఆఫీసులో పెద్దోళ్ళ పక్కన కూర్చుని క్యారేజీ విప్పుతున్నావు కదా, మన కంచం నీకు చిన్నతనమైపోయిందా?" అంది. ఆ మాట వెనక ఎంత ఉందో నాకు అప్పుడు తెలియదు. మా వాళ్ళ కంచాల వైపు చూసి ముక్కు మూసుకున్న మనుషుల్ని ఆవిడ తన చిన్నప్పుడు చూసింది. ఇప్పుడు కన్నకొడుకే ఆ వరసలో చేరాడేమోనని భయపడింది. నేనేమో ఇరవై రెండేళ్ళ గుమాస్తాని, నాకు విసుగొచ్చి, అబ్బా, తినాలనిపించట్లేదమ్మా అంటే అర్థం కాదా అని కసిరి లేచిపోయాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాన్న లెక్కల మాస్టారు కనుక ఫలితం ఉందంటే కారణం ఉండి తీరాలని, అది దాస్తున్నానంటే పెద్ద కారణమే అయి ఉండాలని తేల్చారు.

ఆ సాయంత్రానికే సెక్రటరీ అంకుల్ వచ్చారు. ఆయన మా చర్చి సంఘానికి సెక్రటరీ, లష్కర్‌లో, అంటే పాత సికింద్రాబాదులో, పుట్టి పెరిగిన మనిషి, సర్కారీ ఉద్యోగం నుంచి రిటైరై మా అందరి మంచిచెడ్డల్లో మళ్ళీ ఉద్యోగంలో చేరినవారు. చెడ్డవారు కాదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు ఆయన స్కూటరే వచ్చి ఆగేది. సమస్యల్లా ఏమిటంటే, జ్వరం లేని ఇంటి ముందు కూడా ఆగేది. కుర్చీలో కూర్చుని నా భుజం మీద చెయ్యేసి, "ఏందిరా బాబు, గిట్ల చేస్తున్నవ్? అమ్మ పరేషాన్ అయితున్నది. జెర చెప్పు, ఏమైంది?" అన్నారు. ఏమీ కాలేదని, తినాలనిపించట్లేదని చెప్పాను. "అదే, ఎందుకనిపిస్తలేదు?" అన్నారు. అక్కడి నుంచి గంటసేపు మేమిద్దరం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగాం. నాకు అప్పుడే ఒక సంగతి అర్థమైంది. మనిషి ఏ తప్పు చేసినా దానికో కారణం చూపిస్తే మా వీధి క్షమించేస్తుంది. మా పక్కింటాయన తాగేవాడు, వ్యాపారంలో నష్టపోయాడని అందరూ అయ్యో అనేవారు. కారణం లేకుండా వంకాయ తినేవాణ్ణి ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు.

నేను చెప్పలేదు కనుక వాళ్ళే కారణాలు వెతికారు. ఎవరో స్వామి మాయలో పడ్డానన్నారు. నాకు బయటకు చెప్పుకోలేని చోట జబ్బు చేసిందన్నారు. అన్నిటికన్నా గట్టిగా నిలబడింది మాత్రం మూడో కథ: ఆఫీసులో శాకాహారుల అమ్మాయి ఎవరో ఉంది, ఆ పిల్ల కోసం ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నాడు. (మా ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి టైపిస్టు. ఆవిడ మా అమ్మకన్నా పెద్దది. సంఘం వాళ్ళు ఇద్దరు, సరుకు పంపే పనున్నట్టు ఆఫీసుకు వచ్చి, ఆవిణ్ణి చూసి, చాలా నిరాశగా వెళ్ళిపోయారు.) తర్వాత బుధవారం ప్రార్థన కూడికలో సెక్రటరీ అంకుల్ ప్రార్థన విన్నపాలు చదివారు. సంఘంలో దారి తప్పుతున్న వాళ్ళ పేర్లు చదవకూడదని మాకు నియమం ఉంది, మర్యాద కోసం. అందుకని ఆయన పేరు చెప్పకుండా, "తిరుమలగిరిలో ఉంటూ, బేగంపేట ఆఫీసులో పనిచేస్తూ, క్వయర్లో టెనార్ పాడే ఒక యౌవనస్థుని కొరకు" అని చదివారు. క్వయర్లో టెనార్ పాడేది ఇద్దరం. రెండోవాడు గడ్డి తప్ప అన్నీ తింటాడని ఊరందరికీ తెలుసు. కళ్ళు మూసుకోవాల్సిన సమయంలో చాపల మీద కూర్చున్న అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి.

ఇంట్లో ఈ గొడవ చాలదన్నట్టు ఆఫీసులో నన్ను మహానుభావుణ్ణి చేశారు. మా హెడ్ క్లర్కును మేం పప్పు సారు అనేవాళ్ళం. తరతరాలుగా నగరంలో వ్యాపారం చేసుకునే కుటుంబం వాళ్ళది, ఇంట్లో ఉల్లిపాయ కూడా రానివ్వరు. నేను ముక్క మానేశానని తెలియగానే ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన డబ్బాలోంచి పప్పు వడ్డించడం మొదలుపెట్టారు. బయట నుంచి ఎవరొచ్చినా నన్ను చూపించి, ఈ పిల్లగాడు చూడుండ్రి, మంచి దారిలకొచ్చిండు అని పరిచయం చేసేవారు. నేను ఏ దారిలోకీ రాలేదని, ఉన్నచోటే ఉన్నానని చెప్పబోతే, వినయం సుత ఉన్నది అనేవారు. ఆ గౌరవం భరించడం మా వాళ్ళ ప్రార్థనల కన్నా కష్టమైంది. ఒక మధ్యాహ్నం ఆకలేసి బేకరీ ముందు నిలబడి ఎగ్ పఫ్ కొరుకుతున్నాను. పప్పు సారు ఎదురుగా వచ్చి ఆగిపోయారు. నా చేతిలో పఫ్, పఫ్ మధ్యలో పచ్చసొన. "గుడ్డు తింటున్నవా? మరి గిన్ని దినాలు మమ్మల్ని ఏం చేసినట్టు?" అన్నారు. గుడ్డు తినాలనిపించింది సార్ అన్నాను. ఎందుకనిపించింది అని ఆయన అడిగారు. నాకు నడిరోడ్డు మీద కూర్చుని ఏడవాలనిపించింది. మర్నాటి నుంచి నా పక్క కుర్చీ ఖాళీ. ఒకే మనిషి, ఒకే పొట్ట, రెండు చోట్లా చెడిపోయాడు.

ఇంతలో కోత పండుగ వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పల్లెల్లో పంట ఇంటికొచ్చాక మొదటి ఫలం దేవుడికి తెచ్చే పండుగ అది. సికింద్రాబాదులో మాకు పంటలెక్కడివి, అందుకని పెరట్లో కాసిన సొరకాయ, జామపళ్ళు, ఇంట్లో చేసిన కేకు, పెంచిన కోళ్ళు, ఏది వీలైతే అది తెచ్చి బలిపీఠం ముందు పెడతాం. ఆరాధన తర్వాత చర్చి ఆవరణలో వాటిని వేలం వేస్తారు. కానుక కదా, ఎవరూ ధర చూసుకోరు. సొరకాయను మేక ధరకు కొని ఆనందంగా ఇంటికెళతారు. పండుగ ముందు రోజు శ్రుతి మామ నన్ను పక్కకు పిలిచారు. కమిటీలో నా సోలో మీద చర్చ జరిగిందట. దారి తెలియని వాడు మసక వెలుగులో ముందు నడవడం ఏమిటని ట్రెజరర్ అంకుల్ అన్నారట. (ఆయన కొడుకే ఆ రెండో టెనార్. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.) శ్రుతి మామ గొంతు తగ్గించి, "ఒరేయ్, రేపు వేలంలో అందరి ముందూ ఓ కోడిని పాడుకో. ఇంటికి పట్టుకెళ్ళి దాన్ని వండుకుంటావో, పెంచుకుంటావో ఎవడు చూడొచ్చాడు? జనానికి కోడి కనబడాలి, నాకు సోలోకి నీ గొంతు కావాలి" అన్నారు. ఇంత తెలివైన ఆలోచన నాకెందుకు రాలేదా అని సిగ్గుపడ్డాను.

మర్నాడు ఎర్రటి తురాయితో నిగనిగలాడే పుంజును పట్టుకుని సెక్రటరీ అంకుల్ వేలం పాట మొదలుపెట్టారు. నేను వెనక నుంచి గొంతెత్తాను. ట్రెజరర్ అంకుల్ అలవాటు కొద్దీ పెంచబోతే ఆయన భార్య మోచేత్తో పొడిచింది. ఇంకెవరూ పాడలేదు. తప్పిపోయిన వాడు తిరిగొస్తుంటే ఎవరైనా అడ్డం నిలబడతారా. నేను మనసు మార్చుకుంటానేమోనన్న భయంతో సెక్రటరీ అంకుల్ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి గబగబా ఒక్క ఊపిరిలో అనేసి కోడిని నా చేతుల్లో పెట్టారు. ముసలమ్మలు నా తల నిమిరారు. అయ్యగారు కళ్ళు మూసుకుని ఏదో కృతజ్ఞత చెప్పుకున్నారు. ఇక కోడితో సహా బయటపడదామని గేటు వైపు తిరిగానో లేదో వెనక నుంచి సెక్రటరీ అంకుల్ ప్రకటన వినిపించింది. ఈ సంతోష సమయాన కృతజ్ఞతా కూడిక ఈ సాయంత్రం మన టెనార్ బాబు ఇంట్లోనే జరుగుతుంది, భోజనం కూడా అక్కడే. శ్రుతి మామ కోసం చూశాను. ఆయన అప్పటికే సైకిలెక్కి చాలా దూరం వెళ్ళిపోయారు.

కోడిని చంకన పెట్టుకుని ఇంటికెళ్ళి అమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. సోలో సంగతి, శ్రుతి మామ ఎత్తు, అన్నీ. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. నువ్వు తింటావా మరి అని అడిగింది. తెలీదమ్మా అన్నాను. ఆవిడ కోడిని తీసుకుని లోపలికెళ్ళిపోయింది. నేను తినడం మానేసిన తర్వాత నా పేరు మీద ప్రాణం పోగొట్టుకున్న మొదటి కోడి అదే. తినే రోజుల్లో నా కోసం ప్రత్యేకంగా ఎవరూ కోడిని కొయ్యలేదు.

సాయంత్రం మా ముందు గది నిండిపోయింది. పాటలయ్యాయి, ప్రార్థనలయ్యాయి. చాపల మీద వరసగా మగవాళ్ళం కూర్చున్నాం. వంటింటి గుమ్మంలో ఆడవాళ్ళు నిలబడ్డారు. సెక్రటరీ అంకుల్ గిన్నెలోంచి ఏరి ఏరి కాలు ముక్క తీసి స్వయంగా నా కంచంలో పెట్టి, నువ్వే షురూ చెయ్యి బిడ్డా అన్నారు. ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టలేదు. అందరి చూపులూ నా వేళ్ళ మీద. ముక్క వాసన బాగానే ఉంది. అమ్మ వండినదాంట్లో వంక పెట్టడానికి ఏముంటుంది. ఒక్క ముద్ద మింగేస్తే దీపాలు తగ్గుతాయి, తలుపు తెరుచుకుంటుంది, ఆ ఒక్క గొంతూ నాదవుతుంది. చెయ్యి ముక్క దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. నా నోరు, నా పళ్ళు (ఒకటి తక్కువైనా సరే), నా పొట్ట. ఇందులో ఇంతమందికి ఏం పని?

అప్పుడు అమ్మ గుమ్మం దాటి వచ్చింది. నా పక్కన వంగి, కంచంలోంచి ఆ ముక్క తీసి నాన్న కంచంలో వేసి, వంకాయ కూర వడ్డించింది. "అన్నయ్యగారూ, వాడి మొహం చూశారా? చిన్నప్పుడు ఆముదం పట్టిస్తే ఇలాగే పెట్టేవాడు. తినాలని లేదంట వాడికి. ఆ మాట నాకు చెప్పీ చెప్పీ వాడి నోరు నొప్పెట్టింది, నేనే వినలేదు. తిట్టుకోవాల్సి వస్తే నా కొడుకుని నేను తిట్టుకుంటాను. మీరు మాత్రం వాణ్ణి వదిలేయండి" అంది. సెక్రటరీ అంకుల్ కంగారుపడ్డారు. బలవంతం ఎవరు చేస్తున్నారని, కారణం చెప్పమంటున్నాం అంతేనని, తినాలని లేకపోవడం కారణమెట్లయితదని అన్నారు. దానికి గుమ్మం దగ్గర నుంచి సమాధానం వచ్చింది. మాట్లాడింది ఆయన భార్య, సెక్రటరీ ఆంటీ. మా చర్చిలో ఆవిడ గొంతు పాటల్లో తప్ప ఎవరూ విని ఉండరు. "ఎందుకు కాదు? నాకు సుత మటన్ వాసన పడదు. పెండ్లయినప్పటి సంది పడదు. మీరేమంటరో అని తింటున్న" అంది.

ప్రతి ఆదివారం సంచీ నింపుకుని, ఆంటీకి ఇష్టమని మెడ ముక్కలు ప్రత్యేకంగా కొట్టించుకెళ్ళే సెక్రటరీ అంకుల్ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయారు. నాన్న మాత్రం, ఆయన ముందు లెక్క తేలిపోయింది కనుక, తలవంచుకుని కాలు ముక్క తినేశారు. మిగతావాళ్ళు కూడా మెల్లగా తినడం మొదలుపెట్టారు. నన్ను ఎవరూ చూడలేదు. ఎంతకాలానికో హాయిగా కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ తర్వాతి బుధవారం ప్రార్థన విన్నపాల్లో యౌవనస్థుడు లేడు. "సంఘ పెద్ద ఇంటిలో నుండి, ఇంతకాలము మనసులోని మాట దాచియుంచిన ఒక సహోదరి కొరకు" అని ట్రెజరర్ అంకుల్ చదివారు. సెక్రటరీ అంకుల్‌కి ఆ రోజు జలుబు చేసిందట. ఆంటీని పరామర్శించి రావడానికి ఒక బృందం వెళ్ళాలని నిర్ణయించారు. ఆ బృందంలో నా పేరు ఉంది. నువ్వు ఆ దారిన పోయి వచ్చినవాడివి, నీ మాటైతే వింటది అన్నారు ట్రెజరర్ అంకుల్. నేను ఎక్కడికీ పోలేదు, ఎక్కడి నుంచీ రాలేదు అనబోతే శ్రుతి మామ నా చెయ్యి నొక్కారు. బయటికి తీసుకెళ్ళి, కమిటీ మెత్తబడిందని, ఒక్కసారి వెళ్ళి కూర్చుని ప్రార్థన చివర్లో ఆమేన్ అంటే చాలని, సోలో నాదేనని చెప్పారు. ఆమేన్ అనడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. సరేనన్నాను.

ఆంటీ తలుపు తీసింది. ముందున్న వాళ్ళందరినీ చూసి తలూపింది, వందనాలు చెప్పింది. చివర్లో నిలబడ్డ నన్ను చూసింది. "నువ్వు సుత వచ్చినవా బిడ్డా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను లోపలికెళ్ళి సోఫాలో కూర్చునేవాణ్ణి. ఆమేన్ అని వచ్చేసేవాణ్ణి. బృందం కూర్చుంది, ట్రెజరర్ అంకుల్ గొంతు సవరించుకున్నారు. నాకేమో కాళ్ళు సోఫా వైపు పోలేదు. మంచినీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ పొయ్యి మీద గుత్తి వంకాయ ఉడుకుతోంది. (దయచేసి దీన్ని ధైర్యమని అనుకోకండి. అందులో వంకాయ వాటా చాలా ఉంది.) ఆంటీ నా వెనకే వచ్చింది. ముందు గదిలో ప్రార్థన మొదలైంది. మేమిద్దరం పీటల మీద కూర్చుని, శబ్దం కాకుండా, వేడి అన్నంలో ఆ కూర కలుపుకుని తిన్నాం. ఆమేన్ అనాల్సిన చోట నా నోట్లో వంకాయ ఉంది. అవతల గది నిశ్శబ్దంగా నా కోసం ఎదురుచూసి, చివరికి నేను లేకుండానే ఆమేన్ అనుకుంది.

క్రిస్మస్ సోలో ట్రెజరర్ అంకుల్ కొడుకు పాడాడు. శ్రుతి పట్టాలు తప్పినచోటల్లా హార్మోనియం దగ్గర కూర్చున్న శ్రుతి మామ కణతలు నొక్కుకోవడం చీకట్లో కూడా కనిపించింది. నేను వరసలో నిలబడి మిగతా అందరితోపాటు కోరస్ పాడాను. ఏడుపొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే కూడా కాస్త వస్తుంది, అబద్ధమెందుకు. మళ్ళీ ఆ సోలో నాకు ఎప్పుడూ రాలేదు.

ఇక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఇప్పుడు తింటున్నావా అని. తింటున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో, ఎందుకు మొదలుపెట్టానో అడక్కండి, చెప్పలేను. ఆ తర్వాత ఎన్నాళ్ళకో, ఆదివారం కూడా కాదు, ఏదో మామూలు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కూర్చుంటే కూర వాసన తగిలింది, తినాలనిపించింది. కంచం కొంచెం ముందుకు జరిపాను. అమ్మ గరిటెతో రెండు ముక్కలు వేసింది, పైన కాస్త పులుసు పోసింది. చెల్లి పరీక్షల గురించి ఏదో చెబుతోంది, ఆ మాట వింటూనే ఇంకో ముక్క వేసింది. అంత ఏడిపించినవాణ్ణి, అంతమందిలో తన నోట అంత మాట అనిపించినవాణ్ణి, ఎందుకురా అని ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు నేనూ సంఘంలో పెద్దల వరసలో కూర్చునే వయసుకు వచ్చాను. యాప్రాల్ నుంచి బండి మీద వచ్చే ఒక అమ్మాయి ఈ మధ్య తలకు ఊదారంగు వేసుకుని మొదటి వరసలో కూర్చుంటోంది. నా నాలుక దురద పెడుతూనే ఉంది, అయినా ఇంతవరకూ ఏమీ అడగలేదు, అందుకు నన్ను నేను మెచ్చుకుంటూ ఉండేవాణ్ణి. మొన్న ఆరాధన తర్వాత ఆ పిల్లే నా దగ్గరికి వచ్చి నవ్వుతూ, "ఊరికే వేసుకున్నాను అంకుల్, కారణమేం లేదు" అంది. నేను నోరు తెరిచి అడగకపోయినా నా మొహం అడిగేస్తోందన్నమాట, వారం వారం. ఆ సాయంత్రం ముక్కలు వేసినప్పుడు అమ్మ మొహం కూడా అడగలేదు.